మొదలుగారి మధ్య లైను

ఏం జరిగినా అది అసలు ఎక్కడ మొదలైందో తేలేదాకా ఆయన కుదురుగా కూర్చోడు, పక్కవాళ్ళను కూర్చోనివ్వడు. అందుకే ఆ ఆఫీసులో ఆయన్ను అందరూ మొదలుగారు అనేవారు.

చూపు లేని పిల్లల కోసం చుక్కల అక్షరాల పుస్తకాలు అచ్చువేసే ఆఫీసు అది. అక్కడి కంప్యూటర్లన్నీ ఆయన చేతిలో ఉండేవి. ప్రూఫులు చూసే అమ్మాయి కొత్తగా చేరింది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చేరిన రోజే మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు.

"ఆయన దగ్గర తలనొప్పి అని మాత్రం అనకమ్మా."

"అంటే ఏమవుతుందండీ?"

"నేనోసారి అన్నాను. నిద్ర చాల్లేదా అన్నాడు. ఎందుకు చాల్లేదు అన్నాడు. దోమలన్నాను. సాయంత్రానికల్లా మా ఇంటికొచ్చి కిటికీ జాలీ ఊడబీకి కొత్తది బిగించాడు."

"మరి తలనొప్పి తగ్గిందా?"

"తగ్గిందనుకో. అది వేరే సంగతి."

ఇంట్లోనూ అంతేనని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆయన భార్య ఒకసారి టీలో ఉప్పు వేసింది. ఇంకొకరైతే మొహం చిట్లించి ఊరుకుంటారు. ఆయన కప్పు పట్టుకొని వంటింట్లోకి వెళ్ళి, రెండు డబ్బాలూ ఒకేలా ఉన్నాయని కనిపెట్టాడు. ఒకదాని మీద 'ఉప్పు' అనీ, రెండోదాని మీద 'ఉప్పు కాదు' అనీ రాసి అంటించాడు.

"చక్కెర అని రాస్తే చెయ్యి అరిగిపోతుందా?" అని ఆవిడ అడిగింది.

"గొడవ చక్కెరతో రాలేదు కదా," అన్నాడు.

ఆఫీసులో చుక్కలు పొడిచే ప్రింటరు బాగా పాతది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. బయట దొరికే ఏ కొత్త సిస్టమూ దాన్ని గుర్తుపట్టదు. అందుకని మొదలుగారు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుగా తెచ్చుకోడు. దాని సోర్సు, అంటే అసలు రాత, తెచ్చి, ప్రింటరుకు కావలసిన ముక్కలు అందులో కలిపి, మొత్తం అక్కడే కంప్యూటరు చేత తయారు చేయిస్తాడు. దాన్ని బిల్డ్ అంటాడు. ఈసారి సిస్టమ్ మార్చక తప్పదు. పాతదాన్ని ఇక నెట్‌వర్కులోకి రానిచ్చేది లేదని పై ఆఫీసు చెప్పేసింది. పరీక్షల పుస్తకాలేమో ఇంకా అచ్చు కాలేదు.

పొద్దున పెట్టిన బిల్డ్ మధ్యలో ఆగిపోయింది.

మేనేజరు తెర మీదికి వంగాడు. "తప్పు జరిగింది, ఆపేస్తున్నాను అంటోంది. ఇక లాభం లేదు. ఆ ప్రింటరుకు సెలవిచ్చి, తయారుగా దొరికేదేదో వేసేద్దాం."

"అది చివరి లైను సార్. చివరి లైను ఏడుస్తుందంతే. కొట్టిన లైను పైనెక్కడో ఉంటుంది."

మొదలుగారు పైకి వెళ్ళి చూశాడు. తెర నిండా గోల. తొందర కోసం కంప్యూటరు పనులన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంది. అందరూ కలిసి అరిస్తే ముందు అరిచిందెవరో తెలియదు. సగం తయారైన ముక్కలన్నీ ఆయన తుడిపించాడు. ఈసారి ఒక్కొక్క పనే చేయమన్నాడు. తరవాత కంప్యూటరులో గడియారం చూశాడు.

"గడియారమెందుకండీ?" అంది అమ్మాయి.

"రేపటి తారీఖు వేసుకున్న ఫైలు కనిపిస్తే దీనికి మతి పోతుందమ్మా. ఏది కొత్తదో ఏది పాతదో తేల్చుకోలేదు."

పాతది అన్న మాట ఆమె చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. నిన్న ప్రూఫులు దాచబోతే కంప్యూటరు చోటు లేదంది. వెతికితే 'పాతవి' అనే ఫోల్డరు కనిపించింది. పాతవే కదా అని తీసేసింది. ఇప్పుడు ఆ ఫోల్డరుతోపాటు ఉద్యోగం కూడా పోతున్నట్టు తోచింది.

బిల్డ్ మళ్ళీ ఆగింది.

"మంచిదే," అన్నాడు మొదలుగారు. "రెండుసార్లూ ఒకే చోట ఆగిందంటే అబద్ధం చెప్పడం లేదు."

లైను తరవాత లైను పైకి వెళ్ళాడు. మేనేజరు టీ తాగి వచ్చినా ఆయన ఇంకా పైకే వెళ్తున్నాడు. ఒక చోట వేలు ఆగింది. ప్రింటరు ముక్క ఒకటి లేదు.

అమ్మాయి లేచి నిలబడింది. "అండీ, అది..."

"కూర్చోమ్మా, ఇంకా పైకి పోవాలి," అని ఆయన ఇంటికి ఫోను చేశాడు. "మూడో డబ్బా తీసుకురా."

ఆయన భార్య డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీద 'ఇదీ ఉప్పు కాదు' అని ఉంది. లోపల, గుడ్డలో చుట్టి, ప్రింటరు ముక్కల నకలు దాచిన డిస్కు.

"ఏవండీ, దీన్ని ఇక్కడే ఉంచుకోండి. నాకు పప్పు పోసుకోను డబ్బా లేదు."

"అది మన దగ్గర ఉండబట్టే కదా ఇవాళ దొరికింది."

"మొదలెట్టకండి," అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ ముక్కను దాని చోట పెట్టి మూడోసారి బిల్డ్ చేశాడు. సాయంత్రం పాత ప్రింటరు పళ్ళు పటపట కొరుకుతూ మొదటి కాగితం బయటికి తోసింది.

మేనేజరు దాన్ని వేళ్ళతో తడిమి చూసి, అప్పుడు అడిగాడు. "ఇంతకీ ఆ ముక్కను ఎవరు తీసేశారు? పేరు కంప్యూటరులో ఉంటుందిగా?"

"ఉంటుంది సార్."

"ఎవరు?"

అమ్మాయి గోడ వైపు చూసింది.

"అది మధ్య లైను సార్. చోటు లేక తీసేశారు. చోటు ఎందుకు లేదు? కిందటి బిల్డ్‌ల చెత్త నేను ఊడ్వలేదు. ప్రింటరు ప్రాణాన్ని తీసుకెళ్ళి 'పాతవి' అని పేరుపెట్టి పడేసిందెవరు? నేనే. మొదలు దొరికింది."

"అయితే మెమో మీకివ్వమంటారా?"

"ఇవ్వండి. ఎక్కడ మొదలైందో మాత్రం వివరంగా రాయండి."

మేనేజరు తల పట్టుకున్నాడు.

"తలనొప్పా సార్?"

"అబ్బే, ఏం లేదు," అని ఆయన గబగబా తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

అమ్మాయి మొదలుగారి దగ్గరికి వచ్చింది. "అది నేనేనండీ."

"తెలుసమ్మా. పేరు తెర మీదే ఉంది."

"మరి చెప్పలేదేం?"

"మనిషి కనపడగానే ఆగిపోతే మొదలు దొరకదమ్మా. ఇంకాస్త పైకి వెళ్ళాలి."

ఆమెకు ఊడబీకిన జాలీ గుర్తొచ్చింది, ఉప్పు డబ్బా గుర్తొచ్చింది. ఆయన ఇన్నాళ్ళూ ఇంతమందిని ఇన్ని ప్రశ్నలడిగి, ఒక్కసారైనా ఒక మనిషి దగ్గర ఆగినట్టు ఆమె వినలేదు.

మర్నాడు కంప్యూటరు తెరిస్తే ఆ ఫోల్డరు మళ్ళీ దాని చోట ఉంది. పేరు మారింది.

'పాతవి కావు.'