రక్తపిశాచికి మా మామ గొంతు

కాదు, నేను ఒప్పుకోను. "జోకును జోకులాగా తీసుకోవాలి, వీడియో ఎందుకు తీసేశావ్, పెద్ద ఓవర్ యాక్షన్" అని రోజూ ఎవరో ఒకరు నా ఇన్‌బాక్స్‌లోకి వచ్చి కూర్చుంటారు. మీ అందరికీ జవాబులు కొట్టీ కొట్టీ నా బొటనవేలు వాచింది. అందుకే ఒకేసారి రాస్తున్నా, చదువుకోండి. మీరు పడీ పడీ నవ్విన ఆ గొంతు కంప్యూటర్‌ది కాదు. మా అమ్మ తమ్ముడిది. గుమ్మఘట్ట దగ్గర పల్లెలో ఉంటాడు. ఆ వీడియో తర్వాత ఆయన పని పోయింది.

నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. పోయినేడు ఉద్యోగం పోయింది. ఇంట్లో గోడలతో కూడా కొట్లాడుతున్నానని అమ్మ నన్ను కొన్నాళ్ళు మామ దగ్గరకు పంపింది. అక్కడ సిగ్నల్ మిద్దె మీదే వస్తుంది. కాబట్టి నేను మిద్దె మీదే ఉండేదాన్ని. చుట్టూ ఎర్ర నేల, నేలంతా రాళ్ళు, రాళ్ళ మధ్య మోకాలెత్తు కూడా పెరగకుండానే మాడిపోయిన శెనక్కాయ చెట్లు. మొదటి వారం ఫొటోలు తీశాను. తర్వాత తీయబుద్ధి కాలేదు.

మామది పాయింట్ చూసే పని. బోరు వేయించాలనుకున్న రైతు ముందు ఆయన్నే పిలుస్తాడు. పీచు తీసిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, పొలమంతా నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. నిలబడిన చోట రాయి పాతుతారు. మర్నాడు బోరు లారీ ఆ రాయి దగ్గరే ఆగుతుంది. ఆయన నడిచినంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. ఎద్దు మెడలో గంట ఉంటే దాన్లో గుడ్డ కుక్కుతారు. ఎవరైనా నవ్వితే గంగ పక్కకు తప్పుకుంటుందట. ఇరవై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల పొలాల్లో మామ చెయ్యి చాపితే జనం ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. ఆయనకున్న ఆస్తి అదే.

నాకు కాయ మీద నమ్మకం లేదు. అప్పట్లో నా భక్తి అంతా ఒక యానిమే మీద, అంటే జపాన్ బొమ్మల సిరీస్ మీద. అందులో మూడొందల ఏళ్ళ రక్తపిశాచి ఒకడుంటాడు. దొర. తెల్ల జుట్టు, నేలను ఊడ్చే నల్ల కోటు. ఎవరి రక్తం తాగాలో తేల్చుకునే ముందు అరచెయ్యి ముందుకు చాపి, కళ్ళు మూసుకుని, మెల్లగా నడుస్తాడు. చెల్లెలు చచ్చిపోయే సీన్‌లో అలాగే నడిచి ఒక వర్తకుడి ముందు ఆగుతాడు. అది చూసి నేనూ నా ఫ్రెండ్సూ ఏడ్చిన రోజులున్నాయి. ఒక మధ్యాహ్నం మిద్దె మీద అదే సీన్ చూస్తుంటే, మామ వడియాలు తీయడానికి పైకొచ్చి నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఏమ్మే, ఈయప్ప గూడా పాయింట్ చూచ్చాండాడే!" అన్నాడు. "కాయ యాడ పెట్టినాడు?"

నాకు కడుపు నొప్పొచ్చేదాకా నవ్వొచ్చింది. గంటలో దొర చేతిలో కొబ్బరికాయ పెట్టేశాను. ఎడిటింగ్ నాకు చిటికెలో పని. ఇక కావలసింది గొంతు. మామను కూర్చోబెట్టి, పొలంలో చెప్పేదంతా చెప్పమన్నాను.

"నీళ్ళు అనొద్దు మామా, రక్తం అను."

"ఛీ, పాడు మాట."

"బొమ్మలకే కదా."

"సరే అంటా గానీ, మీ అత్తకు చెప్పొద్దు." గొంతు సవరించుకున్నాడు. అంతే, నిజంగా పొలంలో ఉన్నట్టే మారిపోయాడు. "ఈడ లేదు... ఈడ లేదు... ఆఁ, ఈడుండాది. బండ దాటితే రక్తం. ఉప్పుండదప్పా, తియ్యటి రక్తం!"

దొర ముందు వణుకుతున్న లావుపాటి వర్తకుడికి నేను గొంతిచ్చాను. "అన్నా, నా ఒంట్లో ఇంతకుముందే మూడు బోర్లు ఏసినారు. దుమ్మే వచ్చినాది." దానికి దొర, అంటే మామ, "నువ్వు ముందు గమ్మునుండు" అంటాడు. అయ్యాక మామకు చూపించాను. తువ్వాలు నోట్లో పెట్టుకుని నవ్వాడు. మళ్ళీ పెట్టమన్నాడు. అత్తకు చెప్పొద్దన్నవాడు తనే కిందికెళ్ళి అత్తను పిలుచుకొచ్చాడు. అప్పుడొక మాట అడిగాడు.

"దీన్ని ఎంతమంది చూచ్చారు పాపా?"

"ఎవరు చూస్తారు మామా? నాలాంటి పిచ్చోళ్ళు కొంతమంది."

ఆ రాత్రే పోస్టు చేశాను. తెల్లారేసరికి ఫోను పట్టుకుంటే కాలింది. దొర భక్తులు నా మీద విరుచుకుపడ్డారు. "చెల్లెలు చచ్చిపోయే సీన్‌లో కొబ్బరికాయా? నువ్వు మనిషివేనా?" అని ఒకడు. "అసలు సిరీస్ పూర్తిగా చూశావా, మూడో సీజన్‌లో ఆయన త్యాగం తెలుసా?" అని ఇంకొకతి ఆరు పేరాలు రాసింది. నేను ఊరుకుంటానా? "మనిషిని కాదు, నేనూ పిశాచినే" అని మొదలుపెట్టి ఒక్కొక్కరికీ జవాబిచ్చాను. పళ్ళు తోముకుంటూ ఇచ్చాను, అన్నం తింటూ ఇచ్చాను. "ఆ ఫోనుకు గూడా ఒక ముద్ద పెట్టు, పాపం, ఆకలిగుండాదేమో" అని అత్త ఎత్తిపొడిచింది.

రెండో రకం వాళ్ళు మామ ఊళ్ళ వైపు వాళ్ళు. పామిడి నుంచి, మడకశిర నుంచి, ఎక్కడెక్కడి నుంచో. "ఒరిజినల్ కంటే ఇదే బాగుండాది." "ఈ దొరను మా ఊరికి పంపండి, రక్తం పోయినా పర్లేదు, నీళ్ళు చూపిస్తాడు." "తియ్యటి రక్తం" అన్న ముక్కను కోసి స్టిక్కర్ చేశారు. పెళ్ళి పిలుపులకు, పరీక్ష ఫలితాలకు, దేనికైనా అదే స్టిక్కర్. దొర భక్తుల తిట్లు చదివి మండిన ఒళ్ళు వీళ్ళ పొగడ్తలతో చల్లబడేది.

వాటి మధ్య ఒక కామెంటు. "ఈ గొంతు మన గుమ్మఘట్ట సైడు పాయింట్ ఆయనది గదా?" పక్కన నాలుగు నవ్వు మొహాలు. నేను దాని మీద ఎర్ర గుండె నొక్కాను. అందరికీ పైన కనబడేలా పిన్ కూడా చేశాను. మామకు పేరొస్తుందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

పది రోజులకు పక్క ఊరి రైతు ఒకాయన మామను పిలిచాడు. అప్పటికే రెండు బోర్లు ఎండాయి ఆయనకు. మిగిలిన చీనీ చెట్లకు, అంటే బత్తాయిలకు, ట్యాంకరుతో నీళ్ళు తోలుతున్నాడు. ఇంకొక్క బోరు, అది పడకపోతే చెట్లు కొట్టేసి బెంగళూరుకు పోయి కూలి చేసుకోవడమే అని మామతో చెప్పుకున్నాడట. నేనూ వస్తానన్నాను. "ఫోను ఇంట్లో పెట్టి రా" అన్నాడు మామ. నేను ఆఫ్ చేసి జేబులో పెట్టుకున్నాను.

పొలంలో ఆరేడుగురున్నాం. రైతు భార్య చెట్టు మొదట్లో చేతులు కట్టుకుని నిలబడింది. రైతు తమ్ముడు, డిగ్రీ చదివినవాడు, నన్ను చూసి కళ్ళతోనే పలకరించాడు. వీడియో చూశాడని అర్థమైంది. మామ తువ్వాలు తడిపి తలకు చుట్టుకున్నాడు. కాయ అరచేతిలో పడుకోబెట్టుకుని నడక మొదలుపెట్టాడు. ఎండకు చెట్ల ఆకులు చిటపటమంటున్నాయి, అంతే, ఇంకే శబ్దమూ లేదు. ఒక గట్టు దాటాడు. రెండో గట్టు. తంగేడు పొద దగ్గరకొచ్చేసరికి కాయ ఒక పక్కకు లేవడం నా కళ్ళతో చూశాను. చేతి వణుకో ఏమో నాకు తెలియదు. రైతు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

అప్పుడు రైతు తమ్ముడు మెల్లగా, మామ గొంతు పెట్టి, "ఉప్పుండదప్పా" అన్నాడు.

మొదట నవ్వింది నేను. ఇది మీలో ఎవరికీ తెలియదు. ముక్కులోంచి పొర్లుకొచ్చింది, చేత్తో అదుముకున్నా ఆగలేదు. నన్ను చూసి తమ్ముడు, వాణ్ణి చూసి మిగతావాళ్ళు. కాయ దొర్లి కిందపడింది. మామ ఆ రైతు తమ్ముడివైపు చూడలేదు. నావైపు చూశాడు.

"ఇంగోసారి నడుచ్చా. గమ్మునుండండి," అన్నాడు.

మళ్ళీ మొదటి గట్టు నుంచి నడిచాడు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆపుకునే నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, భుజాలు కదులుతాయి. ఆయన నల్ల తువ్వాలు, ముందుకు చాపిన చెయ్యి, మూసుకున్న కళ్ళు, మాకు దొరే కనబడ్డాడు. కాయ లేవలేదు. మూడోసారి తంగేడు పొద దాకా పోయి, అక్కడే నిలబడిపోయాడు.

రైతు మండిపడ్డాడు. "నా బతుకు మీకు ఆటగుండాదా? ఏమప్పా పెద్దమనిషీ, ఊళ్ళో బొమ్మలాటలు ఆడుకుంటా, ఈడికొచ్చి నా నెత్తిన చెయ్యి పెడ్తావా? చాల్లే పో. మిషన్‌తో పాయింట్ చూసే ఆయన్ని పిలుచ్చా."

రైతు భార్య మాత్రం కిందపడ్డ కాయను తీసి, కొంగుతో మట్టి తుడిచి మామ చేతికిచ్చింది.

దారిలో మామ తలకు చుట్టిన తువ్వాలు విప్పి, కాయను అందులో మూటగట్టుకున్నాడు. నేనే మొదలుపెట్టాను. "ఫోను ఆఫ్ చేసే ఉండింది మామా."

"నోరు ఆఫ్ చెయ్యకపోతివే," అన్నాడు.

మిషన్ ఆయన టౌను నుంచి జీపులో వచ్చాడు. వైర్లు పరిచి, కడ్డీలు పాతి, డబ్బాలో అంకెలు చూసి, తంగేడు పొదకు దూరంగా రాయి పాతించాడు. ఆయన పని చేస్తున్నంతసేపూ ఒక్కరూ నవ్వలేదట. బోరు లారీ పగలంతా కొట్టింది. దుమ్ము. తెల్లటి దుమ్ము చీనీ చెట్ల మీద పిండి చల్లినట్టు పడింది. ఆ నెల తిరక్కుండానే చెట్లు కొట్టేశారు. ఊళ్ళో మాత్రం మిషన్ తప్పిందని ఎవరూ అనలేదు. మామ నడిచిన రోజు నవ్వినారు కాబట్టి గంగ తప్పుకునింది అన్నారు. అంటే మామను నమ్మనివాళ్ళు మానేశారు, నమ్మినవాళ్ళు తప్పు ఆయన మీద వేశారు. అప్పట్నుంచి పిలుపు రాలేదు.

ఇప్పుడు వేరేవాళ్ళ గొర్రెలు కాస్తున్నాడు. దానికీ నేను ఓర్చుకునేదాన్నేమో. పోయిన నెల బస్టాండు దగ్గర టీ కొట్టుకు ఆయనతో పోయాను. కొట్టాయన "ఏం కావల్లన్నా?" అన్నాడు. మామ నోరు తెరవలేదు. రెండు వేళ్ళు చూపించాడు. నాకోసం చక్కెర తక్కువ అని చెప్పడానికి చేత్తో ఏదో చేశాడు, కొట్టాయనకు అర్థం కాలేదు, నేనే చెప్పాను. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఎదురుచూస్తున్నట్టు ఆయన నోటివైపే చూస్తున్నారు. మాట్లాడితే చాలు, ఏ మాటైనా, వాళ్ళకు నవ్వొస్తుంది. ఇంట్లో అత్త చెప్పింది, బయట ఎవరితోనూ మాట్లాడటం మానేశాడని. గొర్రెల్ని కూడా ఈలతోనే తోలుతాడట.

ఆ రోజే వీడియో తీసేశాను. మీ దగ్గరున్న కాపీలు తీసేయడం నా చేతిలో లేదు. మామ నన్ను ఒక్కసారి కూడా తీసేయమనలేదు. తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే నేనూ అరిచేదాన్ని, కాస్త తేలికయ్యేది.

ఇప్పుడు మీరు రాస్తున్నారు, కొబ్బరికాయతో నీళ్ళేంటి, మూఢనమ్మకం పోయింది, మంచిదే కదా అని. నాకూ కాయ మీద నమ్మకం లేదని ముందే చెప్పాను. కానీ పోయింది నమ్మకం కాదు. ఆ ఊళ్ళో వచ్చే వారం ఇంకో బోరు వేస్తున్నారు, పాయింట్ చూసేది అదే మిషన్ ఆయన. ఆయన గొంతుతో ఎవరూ స్టిక్కర్ చేయలేదు, టీ కొట్టు దగ్గర ఆయన గట్టిగానే మాట్లాడుతాడు. కింద ఏముందో తెలియని ఇద్దరిలో ఒక్కడి నోరే మూతపడింది. దాన్ని మూసింది కరువూ కాదు, కాయా కాదు, నేను మొదలుపెడితే మీరు అందుకున్న నవ్వు. కాదని మీలో ఒక్కరు మా మామ ముందుకొచ్చి, ఆయన కళ్ళలోకి చూసి, చెప్పగలరా?