మబ్బు పట్టిన రోజున మా బ్యాండు

జుట్టు నెరిసేదాకా ఆర్కెస్ట్రాల్లో పాడిన మనిషి ఉన్నట్టుండి రాక్ బ్యాండు పెడతానన్నాడు. ఏలూరు చుట్టుపక్కల ఆయన గొంతు వినని పెళ్లిపందిరి లేదు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేవాణ్ణి. నేను కట్టిన పాట ఒకటి విని, “ఇది మన మొదటి ప్రోగ్రాంలో మూడో పాటయ్యా” అన్నాడు. ఆ ఒక్క మాటకే బ్యాండులో చేరాను. ఆయన అది మర్చిపోయి ఉండొచ్చు. నేను మర్చిపోలేదు.

తాడేపల్లిగూడెం నుంచి ఒక డ్రమ్మరూ, బేస్ వాయించే ఆయనా వచ్చారు. ఆకివీడు దగ్గర ఒక రొయ్యల రైతు తన చెరువు గట్టు మీదున్న మేత షెడ్డు ప్రాక్టీసుకిచ్చాడు. చుట్టూ మేత బస్తాలు. ఆ నీచు వాసన నా గిటార్ బ్యాగుకి పట్టేసింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరుగారు నలుగురిలో, “మీ వైపు నుంచి చేపల బజారు గాలి వీస్తోందండీ” అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

ప్రాక్టీసు సాగేకొద్దీ నా పాట కిందికి జారింది. మూడోది కాస్తా ఆరోదైంది, తర్వాత ఆఖరిదైంది.

“మీరు మూడోదన్నారు కదండీ మాస్టారూ” అన్నాను.

“ఆఖరి పాటేనయ్యా జనం ఇంటికి మోసుకెళ్లేది” అన్నాడు. అప్పటికే మా ఆవిడకీ, చర్చిలో సగం మందికీ చెప్పుకున్నాను. ఇక అది పాడకపోతే ఆదివారం ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి?

మొదటి ప్రోగ్రాం ఆ రైతు కొడుకు నిశ్చితార్థానికే. చెరువుల పక్క ఖాళీ స్థలంలో స్టేజీ వేశారు. ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బు, ఆకు కదల్లేదు. అలాంటి రోజు రొయ్యకి గాలి చాలదు. నీళ్లు చిలికే ఏరియేటర్ల చక్రాలు కాసేపు ఆగినా రొయ్య పైకి తేలిపోతుంది. కరెంటు పోతే అక్కడున్నది ఒకటే జనరేటరు. స్టేజీ వైరు కూడా దానికే కలిపారు.

“తాడేపల్లిగూడెం నుంచి ఇంకో జనరేటరు తెప్పిద్దామండీ. కరెంటు పోతే ఇది చెరువులకే వెళ్తుంది” అన్నాను.

“ఏవయ్యా, లెక్కలు బళ్లో చెప్పుకో. ఇక్కడ గిటార్ వాయించు” అన్నాడు మా గాయకుడు.

డ్రమ్మరు కిసుక్కున నవ్వాడు. రైతు మాత్రం మర్యాదగా, “పొద్దుట్నుంచీ పోలేదు కదండీ, ఇంకేం పోతుంది” అన్నాడు.

సాయంత్రం స్టేజీ ఎక్కాక జనం వైపు చూడలేకపోయాను. నా కళ్లు చెరువులో తిరిగే చక్రాల మీదే. అవి నీళ్లు చిమ్ముతున్నంతసేపూ నా పాటకి ప్రాణం ఉన్నట్టే. మా గాయకుడేమో అడిగినవాళ్లందరికీ పాడిన పాటే మళ్లీ పాడుతున్నాడు. పెళ్లికొడుకు మేనమామ కోరాడని ఒకటి, వంటవాళ్లు కోరారని ఇంకొకటి.

చివరికి, “ఇప్పుడు మా లెక్కల మాస్టారు కట్టిన పాటండీ” అన్నాడు. ముందు వరసలో మా ఆవిడ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. నేను మొదలు వాయించాను. ఆయన మైకు నోటి దగ్గరికి తెచ్చాడు. లైట్లు పోయాయి. చక్రాలు ఆగాయి.

జనరేటరు స్టార్టయింది. చక్రాలు తిరిగాయి. స్టేజీ మాత్రం చీకట్లోనే ఉండిపోయింది. కొత్త చొక్కాలో ఉన్న రైతే పరిగెత్తి మా వైరు పీకేశాడు.

“ఏమనుకోకండి మాస్టారూ. పంట పోతే నేను మళ్లీ లేవలేను” అన్నాడు నాతో.

మా గాయకుడు మటుకు మెల్లగా కిందికి దిగి, మైకు లేకుండానే ఒక పాత పెళ్లిపాట ఎత్తుకున్నాడు. పెద్దవాళ్లు చప్పట్లతో తాళం వేశారు. ముసలమ్మలు గొంతు కలిపారు. ఇన్నాళ్ల ప్రాక్టీసులో ఆ ముఖం అంత నిమ్మళంగా నేనెప్పుడూ చూడలేదు. పాడటం అయ్యాక మా దగ్గరికొచ్చి, “ఈ రాకు మనకొద్దులేవయ్యా, నేను ఆర్కెస్ట్రాకే పోతాను” అన్నాడు. స్టేజీ మెట్ల దగ్గరే బ్యాండు అయిపోయింది. కరెంటు వచ్చేసరికి భోజనాలకి కూర్చున్నారు.

మా ఆవిడా నేనూ ఏలూరు బస్సెక్కాం. కైకలూరు దాటాక అడిగింది.

“ఆయన మైకు లేకుండా పాడాడు కదండీ. మీ పాట మీరే పాడకపోయారా?”

“ఆ జనరేటరు మోతలో ఎవరికి వినపడుతుంది?”

“ఆయనది వినపడింది కదండీ.”

గిటార్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను.