లూట్ మెట్లు సర్దిన మహాతల్లి

కన్నతల్లే కూతుర్ని నిండుసభలో నవ్వులపాలు చేసిన కథ మీరెప్పుడైనా విన్నారో లేదో, నేను మాత్రం స్వయంగా చేసి చూశాను. అందుకు కావలసిన సామగ్రి ఒక మైనం ముద్ద, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు, ఒళ్ళంతా కోపం. మొదటి రెండూ మీరు కొనుక్కోవాలి. మూడోది నా దగ్గర ఎప్పుడూ నిండుగా ఉంటుంది. నమ్మకం లేకపోతే ఆస్ట్రేలియాలో పెర్త్ వచ్చి, మా పేట కానింగ్ వేల్‌లో ఏ తెలుగువాళ్ళ తలుపైనా తట్టి అడగండి.

నేను వీణ టీచర్ని. గరాజ్‌లో కారు ఉండాల్సిన చోట చాపలు పరిచి పాఠాలు చెబుతాను. కారు ఎండలో మాడుతుంది. కారు గల మనిషి, అంటే గనుల్లో ఇంజనీరైన మా ఆయన, నన్నేమీ అనలేక లోపల మాడతారు. ఏటా పిల్లలచేత కచేరీ చేయిస్తాను. వచ్చేదెవరయ్యా అంటే ఆ పిల్లల తల్లిదండ్రులే. తమ పిల్ల వాయించినంతసేపూ ఫోను పైకెత్తి వీడియో తీస్తారు, అది అయిపోగానే పులిహోర దగ్గరికి నడుస్తారు. ఆఖరున నేను వాయించే సమయానికి హాల్లో మా ఆయనా, కుర్చీలు సర్దేవాళ్ళూ మిగులుతారు. పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, నా పెరటి వీణ పులిహోరతో కూడా పోటీకి నిలవలేకపోయింది.

నా ఆశంతా మా అమ్మాయి మేఘన మీదే ఉండేది. ఇక్కడే పుట్టిన పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. వీణ మీద మాత్రం నేనేం అడిగితే అది పలికించేది. అలాంటి పిల్ల సంగీతం చదువుతానని యూనిలో, అంటే యూనివర్సిటీలో, చేరి, ఒకరోజు ఇంటికొచ్చి చావుకబురు చల్లగా చెప్పింది.

"అమ్మా, ఐ యామ్ లెర్నింగ్ లూట్ నౌ."

"ఫ్లూటా? మంచిదేగా, కృష్ణుడి వాయిద్యం."

"నాట్ ఫ్లూట్. లూట్. నో ఎఫ్."

"ఎఫ్ ఎవరెత్తుకుపోయారే?"

"నోబడీ టుక్ ఇట్, అమ్మా."

ఎఫ్‌ని ఎవరూ ఎత్తుకుపోకపోవచ్చు, నా కూతుర్ని ఎత్తుకుపోయారు. లూటీ చేసేదానికి లూట్ అని కాక మరేం పేరు పెడతారు? మర్నాడు దాన్ని ఇంటికి తెచ్చింది. సగానికి కోసిన గుమ్మడికాయకి కర్ర బిగించినట్టుంది. బిరడాలున్న తలకాయ భాగమైతే మెడ విరిగి వెనక్కి పడిపోయింది. అదేమిటే అంటే, లూట్‌లన్నీ అలాగే ఉంటాయంది.

ఇంతకీ ఈ లూటీకి నాయకురాలి పేరు టిల్లీ. స్టేడియాల్లో పొగలూ మంటల మధ్య ఎగిరి గంతులేస్తూ పాడే పాప్ గాయని. ఒక ఏడాది ఆ మంటలన్నీ ఆర్పేసి, లూట్ ఒక్కటే పక్కన పెట్టుకుని నాలుగొందల ఏళ్ళనాటి యూరప్ పాటలు పాడతానని బయల్దేరింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికెవడో, అని నేను నవ్వాను. జనం నవ్వలేదు. ముక్కులకీ పెదాలకీ రింగులు పెట్టుకున్న కుర్రకారు లూట్ వినడానికి వరసలు కట్టారు. మ్యూజియంలో పడి ఉండాల్సిన వాయిద్యం బస్సుల్లో పిల్లల చెవుల్లోకి ఎక్కింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడమెందుకు, అది అసూయే. సరస్వతి చేతిలో ఉన్న వాయిద్యాన్ని నేను ఇన్నేళ్ళుగా మోస్తుంటే నా చాపలు నిండవు. ఎగిరే పిల్ల ఒకత్తి సగం గుమ్మడికాయని పక్కన పెట్టుకుంటే హాళ్ళు నిండుతాయా? మన వీణకి ఒక టిల్లీ ఎందుకు రాలేదు? అడగడానికి ఇంకెవరూ లేక మా ఆయన్నే అడిగాను. కూరలో ఉప్పు తక్కువైందన్నారు.

ఇలా ఉండగా టిల్లీ పెర్త్ కచేరీకి ఇక్కడి లూట్ మనిషి కావలసి వచ్చింది. యూనివాళ్ళు మేఘన పేరు చెప్పారు. ఈ ఒక్క కచేరీ బాగా జరిగితే అడిలైడ్, మెల్‌బోర్న్, సిడ్నీ, అన్ని ఊళ్ళకీ తనతో తీసుకెళతానందట టిల్లీ. ఆ మాట చెబుతున్నప్పుడు నా కూతురి మొహం వెలిగిపోయింది. నా కచేరీల్లో ఆ మొహం ఎప్పుడూ అంత వెలగలేదు. అందుకూ కోపం వచ్చింది.

కచేరీ ఆదివారం సాయంత్రం. ఆ మధ్యాహ్నం మేఘన రిహార్సల్ ముగించుకుని వచ్చి, పెట్టెలో ఉన్న లూట్‌ని సోఫా మీద పెట్టి, "డోంట్ టచ్ ఇట్, అమ్మా" అని స్నానానికి వెళ్ళింది. పాలగిన్నె పిల్లి ముందు పెట్టి ముట్టుకోకని చెప్పడం అంటే ఇదే. నీళ్ళ చప్పుడు వినపడగానే పెట్టె తెరిచాను.

వీణ తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. వేలు నొక్కినచోట స్వరం పలకడానికి ఉండే అడ్డకమ్మీలని మెట్లంటాం. మా వీణకి అవి ఇత్తడివి, నల్లటి మైనంలో పాతుకుని ఉంటాయి. మెట్టు కదిలిందంటే వీణకి జబ్బు చేసినట్టే. లూట్‌కి ఇత్తడీ లేదు, మైనమూ లేదు. మెడ చుట్టూ పేగుదారాలు ముడేసి ఉన్నాయి. ఏ జంతువు పేగో నేను అడగలేదు, అడిగితే మళ్ళీ తలస్నానం చెయ్యాలి. వేలితో తోస్తే ఆ దారాలు జరుగుతున్నాయి. రెంటి మధ్య ఇరుకు, మరో రెంటి మధ్య వెడల్పు, ఒకటైతే కల్లు తాగి గోడకి ఆనుకున్నట్టు పక్కకి ఒరిగి ఉంది.

నా రక్తం మరిగింది. నా పిల్ల చేతికి ఇలాంటి పనికిమాలిన సరుకు అంటగడతారా? సాయంత్రం అపస్వరం పలికితే ఎవరి శిష్యురాలంటారు, నా శిష్యురాలనేగా? కుక్కతోక కనపడినా వంకర తియ్యకుండా ఉండలేని మనిషిని. చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుని కూర్చున్నాను.

మా ఆయన సోఫా అవతలి చివర నుంచి తలెత్తారు. "శారదా, అది నీ వీణ కాదు."

"శ్రుతి అందరికీ ఒకటేనండీ."

"దాన్నొక మాట అడిగి చెయ్యొచ్చుగా."

"డాక్టరు రోగిని అడిగి కోస్తాడా?"

"అడిగే కోస్తాడు. సంతకం కూడా పెట్టించుకుంటాడు."

గనులు తవ్వేవాళ్ళతో సంగీతం గురించి వాదించడం నాదే తప్పు. ఒక్కో దారాన్నీ నా చెవికి నచ్చిన చోటికి జరిపాను, నిటారుగా నిలబెట్టాను. మళ్ళీ జరిగిపోకుండా, డ్రయ్యరుతో మైనం మెత్తబరిచి, ముడి ముడికీ ఒక చుక్క అద్దాను. పని చాలా శుభ్రంగా కుదిరింది. పెట్టె మూసి, ఏమీ ఎరగనట్టు పెరుగన్నం కలపడానికి వెళ్ళాను.

"అమ్మా, ఐ యామ్ లేట్."

"ఖాళీ కడుపుతో స్టేజీ ఎక్కుతావా? ఇది తిని కదులు."

తినిపించి పంపాను. ఆ ఆలస్యం వల్ల దానికి తెర పక్కన చీకట్లో ఊరికే తీగలు మీటి శ్రుతి చూసుకునే వ్యవధే దక్కింది. మెట్ల మీద వేలు పెట్టి చూసుకునే తీరిక దొరకలేదు. ఊరికే మీటితే తీగలన్నీ బుద్ధిగా పలుకుతాయి. మెట్టు తప్పిందన్న సంగతి వేలు నొక్కితేగానీ బయటపడదు.

హాలు కిక్కిరిసిపోయింది. మేము మూడో వరసలో కూర్చున్నాం. మంటలూ పొగలూ లేకుండా టిల్లీ వచ్చి నిలబడింది, పక్కన చిన్న కుర్చీలో నా కూతురు. సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. మేఘన వేళ్ళు నొక్కి మొదటిసారి మీటింది.

పెళ్ళిభోజనంలో పళ్ళేలన్నీ ఒకేసారి కిందపడినట్టుంది.

నేను మా ఆయన్ని మోచేత్తో పొడిచాను. "చూశారా, ఎంత దరిద్రపు వాయిద్యమో. నేను సర్దాను గనక ఈ మాత్రమైనా పలికింది."

ఆయన కళ్ళు మూసుకున్నారు.

మేఘన ఆపి, మళ్ళీ మీటింది. మళ్ళీ పళ్ళేలే. ఒక మెట్టుని వేలితో తోసింది. కదల్లేదు. ముడి దగ్గర గోటితో గీకి, ఆ గోరు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఊహ తెలిసినప్పటినుంచీ పీల్చిన వాసన అది. మెల్లిగా తలెత్తి మూడో వరస వైపు చూసింది.

"అమ్మా?"

మైకులోంచి హాలంతా వినపడింది.

"డిడ్ యూ ఫిక్స్ మై లూట్?"

బుద్ధున్న మనిషి కుర్చీ కిందికి దూరిపోతుంది. నేను లేచి నిలబడ్డాను. "వంకరగా ఉన్నాయి కదే, సర్దాను."

"వాట్ డిడ్ షీ సే?" అంది టిల్లీ.

"షీ సెడ్ ఇట్ వజ్ క్రూకెడ్," అంది మేఘన. తర్వాత నాతో, "ఇట్ ఈజ్ సపోజ్డ్ టు బి క్రూకెడ్, అమ్మా." ఆ కాలంవాళ్ళ శ్రుతే వేరట. ఆ ఇరుకూ ఆ వెడల్పూ వాళ్ళు కావాలని పెట్టుకున్నవేనట. ఆ ఒరిగిన మెట్టు ఎక్కడ ఉండాలో కనిపెట్టడానికి నా కూతురికి ఒక వారం పట్టిందట.

హాలు గొల్లుమంది. ఆడలేనమ్మ మద్దెల ఓడందట. నా కూతురు నిక్షేపంగా ఆడగలదు, మద్దెలని ఓడు చేసి చేతికిచ్చింది నేను. దాని కళ్ళలో నీళ్ళు చూశాక నా కోపమంతా ఒక్కసారి నా మీదికే తిరిగింది. అడిలైడ్ పోయింది, సిడ్నీ పోయింది, దాని మొహంలో వెలుగు పోయింది. నేనే ఆర్పేశాను.

"అంటించిన మనిషే వచ్చి ఊడదియ్యాలి," అన్నట్టు టిల్లీ నన్ను చేత్తో పిలిచింది. గద్వాల చీర కట్టుకుని స్టేజీ ఎక్కి, జడలోంచి పిన్ను తీసి, అంతమంది ముందు నేలమీద కూర్చుని మైనం గీకడం మొదలుపెట్టాను. నేను ఒక ముడి వదిలిస్తే మేఘన ఆ మెట్టుని దాని చోటికి జరుపుకుంది. జనం నవ్వు ఆగకపోయేసరికి టిల్లీ మైకు పక్కన పెట్టి, ఉత్త గొంతుతో ఒక పాత పాట ఎత్తుకుంది. హాలు చల్లబడింది. ఎక్కడో ఒకచోట శ్రుతి తప్పదా, దొరికితే తిట్టుకుందామని గీకుతూనే చెవులు రిక్కించాను. ఎక్కడా తప్పలేదు. ఆ ఒక్క విషయంలో ఆ పిల్లని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

పాట ముగుస్తుండగా ఆఖరి ముడి వదిలింది. మేఘన వేళ్ళు నొక్కి మీటింది. ఇక ఆ తర్వాత ఎలా వాయించిందో చెప్పడానికి నేను తల్లిని కాకపోతే బాగుండేది, మీరు నమ్మేవారు. ఆ వంకర మెట్ల మీద స్వరాలు నేనెన్నడూ వినని నున్నటి తీయదనంతో పలికాయి. స్టేజీ పక్కన పిన్ను చేత్తో పట్టుకుని ఏడ్చాను. అప్పుడు కూడా కోపంగానే ఏడ్చాను.

కచేరీ అయ్యాక టిల్లీ వచ్చి నన్ను వాటేసుకుంది. మేఘనని అన్ని ఊళ్ళకీ తీసుకెళుతుందట. నా గుండెమీద బండ దిగింది. అంతలో టిల్లీ ఇంకేదో అంది.

"షీ వాంట్స్ యూ టూ, అమ్మా," అంది మేఘన.

చీర కొంగు సర్దుకున్నాను. "నన్నా? వీణకా?"

"నో. ఫర్ ద వ్యాక్స్."

ఊరూరా నేను మూడో వరసలో కూర్చోవాలట. మేఘన "అమ్మా?" అనాలట. నేను స్టేజీ ఎక్కి మైనం గీకాలట. జనానికి కచేరీ మొత్తంలో అదే బాగా నచ్చిందట. ఇన్నేళ్ళ వీణకి దొరకని స్టేజీ గీకుడికి దొరికింది. నాకు తెలిసిన తెలుగు తిట్లన్నీ, మా నాయనమ్మ వాడుకలో పెట్టినవాటితో సహా, ఆగకుండా అప్పజెప్పాను. టిల్లీ కళ్ళు పెద్దవి చేసుకుని శ్రద్ధగా విని, ఏమంటున్నారని అడిగింది.

మేఘన ఆ సాయంత్రం మొదటిసారి నవ్వింది. "షీ ఈజ్ వెరీ హానర్డ్," అంది, "బట్ షీ ఈజ్ బిజీ."

ఆనాడే, మైనం అంటిన గోళ్ళ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నా వీణవి తప్ప లోకంలో మరే మెట్ల జోలికీ పోను. ఇంట్లో మేడమెట్లు కూడా చేతులు వెనక్కి కట్టుకునే ఎక్కుతున్నాను.