పడవలో గట్టు

కొడకండ్ల జగపతికి ఈ లోకంలో క్షుణ్ణంగా తెలిసిన శాస్త్రం ఒక్కటే: గట్టు. చేను గట్టు జానెడు జరిగిందన్న తగాదాతో బామ్మర్ది రాకేశ్‌తో ఆయన మాట్లాడక ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లూ ఆయన భార్య కమలాదేవి తన తమ్ముడి గడప తొక్కలేదు. మొగుడు పోనివ్వలేదు, తమ్ముడు పిలవలేదు. ఈ ఎండాకాలం ఆమె విసిగిపోయి, విహారమని చెప్పి ఇద్దరినీ మహబూబాబాద్‌లో రైలెక్కించి చీరాల తీసుకుపోయింది. చేపలు పట్టే చిన్న పడవలో కూర్చోబెట్టి తానూ ఎక్కింది. సముద్రం నడుమ అలిగి దిగిపోయే వీలుండదని ఆమె ధీమా.

జగపతి ముందుగా పడవ మధ్యన తువ్వాల అడ్డంగా పరిచి సరిహద్దు ఖాయం చేశాడు.

"కమలా, మీ తమ్మునికి చెప్పు. తువ్వాలకు ఇవతల సముద్రం నాది."

"అక్కా, పట్టా పాస్‌బుక్కు తెచ్చిండా అడుగు."

చెరోవైపు గాలాలు వేసి కూర్చున్నా, రెండు గంటలపాటు ఏ చేపా ఈ వివాదంలో కలగజేసుకోలేదు. చివరికి పెద్ద వంజరం ఒకటి రాకేశ్ గాలం మింగి, జగపతి దారాన్ని చుట్టుకుని, సరిగ్గా తువ్వాల సూటికే తేలింది. ఇద్దరూ చెరోవైపు గుంజారు. దారాలు తెగాయి, చేప పోయింది.

"నువ్వు గుంజబట్టే పోయింది, దొంగ!" అన్నాడు జగపతి.

"జానెడు భూమి గుంజినోనివి, నువ్వా బావా చెప్పేది!"

ఏడేళ్లలో అదే తొలి ఎదురుమాట. కమలాదేవి అదను వదల్లేదు.

"తమ్మీ, బతుకమ్మకు మీ ఇంటికొస్తున్న."

రాకేశ్ తెగిన దారాన్ని వేలికి చుట్టుకున్నాడు.

"నువ్వు రా అక్కా. ఆయన మాత్రం గట్టు దాటొద్దు."

"నేనేమన్న వస్తనన్ననా?" అంటూ జగపతి తువ్వాల తీసి, దులిపి, భుజాన వేసుకున్నాడు.