తిరుమణి దారిలో మొండికేసిన మా పాత ఆటోమేటిక్ కారు

ఈ ప్రయాణానికి కారణం తిరుమణి దగ్గరి సోలార్ పార్కు కాదు, మా తమ్ముడు. హిందూపురంలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. కొన్నేళ్ల కిందట స్కూటర్ మీద నుంచి పడి ఎడమ మడమ నుజ్జయితే లోపల రాడ్లు వేశారు. నడుస్తాను, నిలబడతాను, కానీ క్లచ్ తొక్కడం మాత్రం నా వల్ల కాదు. డ్యూటీ ఏ వేళకు పడుతుందో తెలియని ఉద్యోగం కనుక, ఎడమకాలితో పనిలేని ఈ పాత ఆటోమేటిక్ కారే నాకు దిక్కు. కొత్తవాటి ధరలు విచారించి నోరు మూసుకొని వచ్చేశాను. బెంగళూరులో ఉండే మా తమ్ముడిది మాత్రం ఒకటే పోరు, దీన్ని అమ్మెయ్యమని. "అక్కా, ఆటోమేటిక్‌లో గేర్‌బాక్సు పోయిందంటే బండి రేటు కన్నా రిపేరు ఎక్కువైతాది. దారిలో ఆగిపోతే ఎవుర్ని పిలుస్తావు?" అంటాడు. పాత సామాన్ల వాళ్లలో ఒకడితో బేరం కూడా మాట్లాడి పెట్టాడు. చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. ఒక దూర ప్రయాణం చేసి క్షేమంగా తిరిగొస్తే ఇక ఆ మాటెత్తడు. దారిలో ఎక్కడైనా ఆగిందంటే బండి ఆ మనిషికి ఇచ్చెయ్యాలి. రోషం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, సరేనన్నాను.

ఎక్కడికి వెళ్లాలన్నది మా అక్క తేల్చింది. అక్కను కర్ణాటకలోని పావగడ తాలూకా అరసికెరెలో ఇచ్చారు. బావకు వాళ్లమ్మ తరఫున తిరుమణి దగ్గర కొంత చేను వచ్చింది. దాన్ని సోలార్ కంపెనీకి లీజుకిచ్చిన తర్వాత అక్క ఆ వైపు వెళ్లనే లేదు. బావను అడిగితే "ఆడ చూసేదానికి ఏముండాది, అద్దాలు తప్ప" అంటాడట. తన చేను ఎలా ఉందో ఒకసారి చూడాలని అక్కకు, నా బండి ఎంత దూరం నడుస్తుందో చూపించాలని నాకు.

పొద్దున ఆరు గంటలకు హిందూపురంలో బయల్దేరి మడకశిర మీదుగా పావగడ చేరేసరికి ఎనిమిది దాటింది. అక్క బస్సులో వచ్చి స్టాండు బయట నిలబడి ఉంది, చేతిలో రొట్టెలు, వేరుశనగలు దంచి చేసిన ఊరుబిండి ఉన్న సంచి. ఇద్దరం ఇడ్లీ, వడ తిని కాఫీ తాగితే నూట ఇరవై అయింది. పెట్రోలు ఇక్కడే పోయించుకోండి, తాగేనీళ్లు కూడా ఇక్కడే కొనుక్కోండి, ముందుకు పోయాక నీడ తక్కువ. బోర్డులన్నీ కన్నడలో ఉంటాయి, మాట్లాడేవాళ్లంతా తెలుగే మాట్లాడతారు. దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు.

కారెక్కిన దగ్గర్నుంచి అక్క తమ్ముడి పాటే పాడింది. "వాడు చెప్పేదాంట్లో తప్పేముండాది లలితా? ఆడమనిషివి, ఒంటిగా తిరుగుతావు. డ్రైవర్‌ను పెట్టుకో." డ్రైవర్ జీతం నువ్విస్తావా అని అడిగితే కిటికీలోంచి బయటికి చూసింది. వెంకటమ్మనహళ్లి దాటి, చెనిక్కాయ చేలు, అదే వేరుశనగ చేలు అయిపోయి, తిరుమణి వైపు వచ్చేసరికి సోలార్ పలకలు మొదలయ్యాయి. మొదట దూరంగా చెరువేమో అనుకున్నాను. దగ్గరికొస్తే వరుసలు, వాటి వెనక వరుసలు, ఇనుప కంచె, మధ్యలో మట్టిదారి. టికెట్టు కొని లోపలికి వెళ్లి చూసే చోటు కాదిది, అనుమతి లేనిదే గేటు దాటనివ్వరు. కానీ రోడ్డు మీద నుంచే కళ్లు నొప్పిపుట్టేదాకా చూడొచ్చు. తొమ్మిదిన్నర లోపు వెళ్తేనే సుఖం, తర్వాత ఎండ పలకల మీద పడి మన మొహానికే కొడుతుంది.

అక్క తన చేనును గుర్తుపట్టింది. కంచె అవతల ఒక నల్లరాతి గుండు మిగిలి ఉంది, దాన్ని పగలగొట్టలేక వదిలేసినట్టున్నారు. "ఆ గుండు నీడలోనే మేము సద్ది తింటాంటిమి," అంది. కంచె పట్టుకొని చాలాసేపు నిలబడింది. బాధపడుతోందేమో అనుకున్నాను. "ఏటా వానకు ఎదురుచూసేది తప్పింది. ఎండను చూసి తిట్టుకుంటాంటిమి, ఇప్పుడు దానికే డబ్బులిస్తాండారు," అని, కంచె వదిలి, "అయినా చెనిక్కాయ పీకేటప్పుడు మన్ను వాసనుంటాది చూడు, అది లేదు," అంది. ఫొటోలు తీసుకొని ఇద్దరం కారెక్కాం.

ఇంజను స్టార్ట్ అయింది. లివరును ముందుకు నడిపే డీలోకి లాగి బ్రేకు వదిలాను. కారు కదల్లేదు. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను అరిచింది, అంతే. రివర్సులో పెట్టినా అదే కథ. హ్యాండ్‌బ్రేకు చూశాను, కిందికే ఉంది. దిగి చక్రాల కింద చూశాను, రాళ్లేమీ లేవు. తమ్ముడి మాట చెవిలో గింగురుమంది. బానెట్ ఎత్తి గేర్‌బాక్సు నూనె కొలిచే పుల్ల తీసి చూశాను. నూనె సరిపడా ఉంది, ఎర్రగానే ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన లేదు. రక్తం బాగుంది, రోగి లేవడం లేదు. హిందూపురంలో మా మెకానిక్కుకు ఫోన్ చేశాను. అన్నీ విని, "గేర్‌బాక్సు పోయింటుంది మేడమ్. లారీ మీదికెక్కించి తెండి," అన్నాడు. లారీ వాళ్లను విచారిస్తే ఎనిమిది వేలు అన్నారు, అదీ సాయంత్రానికి.

అంతలో ఒక ట్రాక్టర్ వచ్చి ఆగింది. వెనక నీళ్ల ట్యాంకరు, దాని మీద పలకలు కడిగే ముగ్గురు ఆడవాళ్లు. నడిపే ఆయన పేరు నరసింహప్ప, యాభై ఏళ్లు ఉంటాయి. సంగతి విని, "న్యూట్రల్‌లో పెట్టమ్మా, తోస్తాం," అన్నాడు. పెట్టాను. నలుగురూ కలిసి తోశారు, అక్క కూడా ఒక చెయ్యి వేసింది. కారు ఊగింది గానీ బెత్తెడు కూడా జరగలేదు. నరసింహప్ప నడుము పట్టుకొని నిలబడి తేల్చేశాడు. "న్యూట్రల్‌లో కూడా కదల్లేదంటే లోపల గేర్లు పట్టేసినాయి. తాడు కట్టి పావగడ దాకా లాగుతా. ఇట్లాంటివి ఎన్ని లాగింటానో." అప్పటికే తాడు తీసేశాడు.

నేను అడ్డుపడ్డాను. "వద్దప్పా. ఎక్కడ విరిగిందో తెలీకుండా పేషెంటును లాగకూడదు. ఇది ఆటోమేటిక్, ముందు చక్రాలు కింద ఉండగా లాగితే ఉన్న గేర్‌బాక్సు కూడా పోతాది." ఆయన మొహం మాడ్చుకున్నాడు. "మంచికి పోతే ఇట్లే ఉంటాది. మీ బండి మేమేమన్నా తినేస్తామా," అని పోయి ట్యాంకరు నీడలో కూర్చున్నాడు. అక్కకు నా మీద కోపమొచ్చింది. "ఎండలో మాడి చచ్చే కన్నా ఆయప్ప లాగితే ఏం పోయింది? ఎట్లాగూ పోయిందని మెకానిక్కు కూడా చెప్పినాడు కదా. నీ మొండితనంతోనే ఇదంతా." నాకూ నోరు లేచింది. "ఇది పోతే రాత్రి డ్యూటీకి నేను ఎవరి బండెక్కి పోవాల? నీ కొడుకొచ్చి దింపుతాడా?" అన్నాను. కంచెకు ఆనుకొని ఇద్దరం చెరోవైపు చూస్తూ నిలబడ్డాం.

ఇంకొక్కసారి ఇంజను విందామనుకున్నాను. ఒకరు తాళం తిప్పాలి, నేను బానెట్ దగ్గర చెవి పెట్టాలి. "అక్కా, నా సీట్లో కూర్చుని, బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని తాళం తిప్పు," అన్నాను. "నాకేం తెలుసే!" అంటూనే ఎక్కింది. అరవై దాటిన మా అక్క స్టీరింగు ముందు కూర్చోవడం అదే మొదలు. తాళం తిప్పింది. ఇంజను వెంటనే అందుకుంది. నేను పక్కనుంచి విని, ఏమీ తేడా తెలియక, ఇక ఆపమని చెప్పడానికి కిటికీ దగ్గరికి వచ్చాను. అప్పుడు చూశాను. లివరు డీలోనే ఉంది. తోయడం అయ్యాక నేను ఇంకోసారి డీలో పెట్టి చూసి, ఇంజను ఆపి అలాగే వదిలేసి దిగాను, అక్కకు దాన్ని పార్కింగులోకి తెచ్చాకే తాళం తిప్పాలని తెలియదు.

ఆటోమేటిక్ కారు డీలో ఉండగా స్టార్ట్ కాదు, కాకూడదు. పార్కింగులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్ట్ అయ్యేలా గేర్‌బాక్సుకు ఒక స్విచ్ ఉంటుంది. ఇది స్టార్ట్ అయిందంటే లోపల గేర్‌బాక్సు పార్కింగులోనే ఉందన్నమాట. పార్కింగులో ఉన్నప్పుడు చక్రాలకు లోపల కొక్కెం పడి ఉంటుంది, అందుకే నలుగురు తోసినా కదల్లేదు. నేను పైన లివరు ఎటు లాగినా ఆ కబురు గేర్‌బాక్సుకు అందడం లేదు. ఏ గేరులో ఉందో చూపించే దీపం మీటర్ల దగ్గర ఎప్పుడో పోయింది, అది వెలుగుతూ ఉంటే ఈ అవస్థే లేదు. బండి ఆగిన దగ్గర్నుంచి నేను ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా అలవాటు కొద్దీ ముందు పార్కింగులోకి తెచ్చి తిప్పుతున్నాను కనుక అది బయటపడలేదు. తెలిసినవాళ్లు చేయని పని అక్క చేసింది.

"రివర్సులో పెడతా, వెనక తెల్లలైట్లు వెలుగుతాయేమో చూడక్కా," అని అక్కను దింపి నేను కూర్చున్నాను. వెలగలేదు, రివర్సు కబురు కూడా లోపలికి అందలేదన్నమాట. ఇంజను ఆపేసి, గేర్‌బాక్సుకు పైన అడ్డంగా ఉన్న గాలి ఫిల్టరు డబ్బా క్లిప్పులు విప్పి పక్కకు జరిపాను. అక్కను మళ్లీ సీట్లో కూర్చోబెట్టి లివరు ముందుకూ వెనక్కూ కదపమన్నాను. గేర్‌బాక్సు మీద కమ్మీకి తగులుకొని ఉండాల్సిన కేబుల్ కొస గాల్లో అటూ ఇటూ ఆడుతోంది. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్షు ఏళ్ల వేడికి అటుకుల్లా పొడైపోయింది. ఫొటో తీసి మెకానిక్కుకు పంపాను. ఫోన్‌లోనే నవ్వాడు. "గేర్‌బాక్సుకేం కాలేదు మేడమ్. కొసను కమ్మీకి తగిలించి ఊడకుండా కట్టుకుని మెల్లగా వచ్చెయ్యండి. బుష్షు నేను వేస్తా."

కట్టడానికి ఏముంది? నా చూపు కంచె లోపలికి పోయింది. ప్రతి పలక కింద తీగలు, ఒకసారి లాగి బిగిస్తే ఊడని నల్లటి ప్లాస్టిక్ టైలతో కట్టి ఉన్నాయి. నరసింహప్ప దగ్గరికి పోయి, "అన్నా, కోపం పెట్టుకోవద్దు. అట్లాంటి టైలు మీ దగ్గర ఏమన్నా ఉండాయా?" అని అడిగాను. ఆయన నా మొహం, నూనె మరకల చేతులు చూసి లేచాడు. ట్రాక్టర్ పెట్టెలోంచి గుప్పెడు తీసిచ్చాడు. "మా ట్యాంకరు పైపుకు ఇవే కడతాం. ఎండకు చెడవు. ఇంగా రెండు పెట్టుకో, దారిలో పనికొస్తాయి." మూడు టైలు అడ్డంగా నిలువుగా బిగించి, మిగిలిన తోకలు పంటితో కొరికాను. డబ్బులిస్తే తీసుకోలేదు. అక్క సంచిలోని రొట్టెలు, ఊరుబిండి ఆ ముగ్గురు ఆడవాళ్లతో సహా అందరం పంచుకుని తిన్నాం.

స్టార్ట్ చేసి రివర్సులో పెట్టాను. "తెల్లలైటు వచ్చిందే!" అని అక్క వెనక నుంచి కేక పెట్టింది. బ్రేకు వదిలితే కారు మెల్లగా వెనక్కి కదిలింది. చాలా సంతోషమేసింది, దాచుకోలేదు, కళ్లు తుడుచుకున్నాను కూడా.

పావగడలో టీ తాగుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు, నాకు కాదు, అక్కకు. సాక్షి ఆవిడే కదా. స్పీకర్‌లోంచి మాట వినిపించింది. "బండి యాడన్నా ఆగిందా అక్కా?"

"ఆగింది. మా చేను కాడ, రెండు గంటలు," అంది అక్క. నా చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"నేను చెప్పలేదా? ఆ మనిషికి ఫోన్ చేస్తాలే."

"చెయ్. బండి అమ్మేదిల్లేదని చెప్పు. రోగం యాడుండాదో కనుక్కున్నాము, కట్టు కట్టినాము, అదే నడ్చుకుంటా వచ్చింది. దీని కాలిరిగినప్పుడు రాడ్లేసి నిలబెట్టినాము గానీ, పాత సామాన్లోనికి ఇచ్చినామా?"

"సరేలే, జాగ్రత్తగా పోండి" అని పెట్టేశాడు.

అక్కను అరసికెరె బస్సెక్కించి నేను చీకటి పడకముందే హిందూపురం చేరాను. మొత్తం పెట్రోలుకు పన్నెండు వందల దాకా అయింది. మర్నాడు బుష్షు వేయించాను, అది ఇడ్లీ, వడ ఖర్చు కన్నా కొంచెం ఎక్కువ. ఆ మూడు టైలను మాత్రం పారేయకుండా డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను. కదలకుండా ఉన్న ప్రతిదాన్నీ పోయిందనే అనుకుంటాం, మనుషుల్ని కూడా. చాలాసార్లు లోపల అంతా బాగానే ఉంటుంది, కబురు అందే తీగ ఒక్కటే ఊడి ఉంటుంది. నా ఉద్యోగంలో రోజూ చూసేదే ఇది, అయినా ఆ ఎండలో నాకు తట్టలేదు.

మీరు పాత ఆటోమేటిక్ వేసుకుని బయల్దేరేవాళ్లయితే ఒకటి గుర్తుంచుకోండి. ఇంజను నడుస్తూ బండి కదలకపోతే తాడు కట్టనివ్వకండి. ఇంజను ఆపి, బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేకు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, లివరు డీలో ఉంచి తాళం తిప్పి చూడండి. స్టార్ట్ అయిందంటే గేర్‌బాక్సును తిట్టేముందు దాని మీద కేబుల్ ఉందో ఊడిందో చూడండి. ఆ తప్పు చేసిపెట్టే అక్క అందరికీ పక్కన ఉండదు కదా.