నాలుగో బండి పడుకునే చోటు

నేను పనిచేసేది కాగితాల షాపులో. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఉంటుంది. నోటు పుస్తకాలు, తెల్లకాగితాల కట్టలు, ఫైళ్లు టోకుగా అమ్ముతాం. చుట్టూ అంత కాగితం పెట్టుకుని కూడా జీవితంలో నేను రాసింది దరఖాస్తులే. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఏ ఫారమ్ వచ్చినా మా సేటు నా బల్ల మీదికి తోస్తాడు. చిన్నప్పుడు ఆ దస్తూరి చూసి మా తెలుగు మాస్టారు నేను పైకి వస్తానన్నారు. వచ్చాను. షాపు కింద, నా బల్ల పై అంతస్తులో.

మాకు నాలుగు ట్రాలీ ఆటోలు ఉండేవి. అన్నీ డీజిలువే. బషీర్‌బాగ్ ఆఫీసులకూ కాలేజీలకూ, ఊరి నలుమూలలా ఉన్న బడులకూ సరుకు మోసీ మోసీ అవి ఎంత అరిగాయో, వాటిలో కూర్చున్న డ్రైవర్ల నడుములూ అంత అరిగాయి. సందులో బండి మలుపు తిరగకముందే నా బల్ల మీది టీ గ్లాసు వణికేది. దాని వణుకును బట్టి వచ్చింది ఏ బండో చెప్పగలిగేవాణ్ణి. నాకున్న అపురూపమైన ప్రతిభల్లో అదొకటి.

ఆ రోజుల్లోనే ఒక పథకం వచ్చింది. నాలుగుకు తక్కువ కాకుండా సరుకు బండ్లున్న వ్యాపారులు డీజిలు మాని బ్యాటరీ బండ్లకు మారితే, ధరలో కొంత ప్రభుత్వం భరిస్తుంది. మారితే అన్నీ మారాలి, ఒకటి ఉంచుకుని మూడు మారుస్తామంటే కుదరదు. కొత్త బండి నడపడం నేర్చుకోవడానికి ఒప్పుకుంటున్నామని డ్రైవర్లందరూ సంతకాలు పెట్టాలి. పొగ పోతుందని ఆ పథకాన్ని సేటు ముందు నేనే బాగా పొగిడాను. దాంతో ఫారమ్ నా బల్ల మీదికి వచ్చి పడింది.

అందులో ఒక కాలమ్ ఉంది: బండిని రాత్రి నిలిపి, చార్జింగ్ పెట్టే చోటు. మొదటి బండికి ఎదురుగా 'గోదాము' అని రాశాను. మా గోదాము నాంపల్లి వెళ్లే దారిలో ఉంది. గేటు లోపల రేకుల షెడ్డు, అక్కడ కరెంటు ఉంది. మిగిలిన మూడు బండ్లకూ ఆ మాట కింద రెండేసి చిన్న గీతలు పెట్టాను. డిటో. అంటే, పైదే. గుమస్తాగిరీలో నాకు బాగా ఒంటబట్టిన విద్య అదే. కాలం మారింది గానీ నా కాలమ్‌లు మారలేదు.

శనివారం మధ్యాహ్నం డ్రైవర్లను సంతకాలకు పిలిచాను. ముగ్గురు నిలబడే పెట్టేశారు. నాలుగో ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పాలమూరు వైపు నుంచి కూలికి వచ్చి, మా గోదాములోనే కట్టలు మోసి, తర్వాత డ్రైవరైన మనిషి. నోటు పుస్తకాల అట్టల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. అందుకే ఏ కాగితాన్నీ చదవకుండా వదలడు. నేను కాగితాల మధ్యే బతుకుతూ చదవడం మానేశాను.

"సారు, నా బండి ముంగట గీ రెండు గీతలేంది?"

"పైదే అని."

"పైదంటే?"

"గోదాము. రాత్రికి బండి అక్కడే పెట్టాలి కదా, చార్జింగ్ అక్కడే."

ఆయన పెన్నుకు మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. "గట్లయితే మా ఇంటామె పొద్దుగాల ఇడ్లీ సామాను ఎట్ల తెస్తది?"

మా షాపులో ఎవరూ పైకి అనని ఆనవాయితీ ఒకటుంది. సాయంత్రం డ్యూటీ అయ్యాక ఎవరి బండి వారు ఇంటికి తీసుకుపోతారు. ఆయన ఇల్లు మల్లేపల్లి వెనక బస్తీలో. తెల్లారి అయిదింటికి పిండి డబ్బాలు, ఇడ్లీ పాత్ర, సాంబారు గిన్నె, గ్యాసు బండ ట్రాలీలో వేసుకుని, నాంపల్లి స్టేషన్ రోడ్డు మూల మీద భార్యను దింపుతాడు. మొదటి డెలివరీకి పోతూ ఖాళీ గిన్నెలు ఇంటికి చేరుస్తాడు. సేటుకు తెలుసు. తెలియనట్టు ఉంటాడు. నా సంగతి ఇంకా ఘోరం. మెట్రో దిగి రోజూ ఆ మూల మీదే నాలుగు ఇడ్లీలు తింటాను. ఆ ఇడ్లీలు అక్కడికి ఎలా వచ్చాయో ఫారమ్ నింపుతున్నప్పుడు నాకు గుర్తు రాలేదు.

మిగతా డ్రైవర్లకు విషయం అర్థమైంది. ఆయన సంతకం లేకపోతే బండ్లు మూడే. మూడింటికి పథకం లేదు. వాళ్లలో చిన్నవాడు గోడకు ఆనుకుని అన్నాడు:

"నీ ఇడ్లీల కోసం మా నడుములు గిట్లనే పోవాల్నా అన్నా?"

"మీ నడుముల సంగతి నాకు తెల్వదా? నాది గూడ నడుమే."

రోజూ కిరాయి ఆటో పెట్టుకుంటే ఇడ్లీల మీద మిగిలేదేమీ ఉండదని అందరికీ తెలుసు. సేటు కిందినుంచి అంతా విని, పైకి రాకుండానే, రాసింది నువ్వు, చూసుకోవాల్సిందీ నువ్వేనని నాకు కబురు పంపాడు. దరఖాస్తుకు ఇంకో వారమే గడువు.

సోమవారం నాంపల్లిలో ఆ పథకం ఆఫీసుకు వెళ్లాను. దరఖాస్తులు చూసే మేడమ్ నా ఫారమ్ తిప్పి, గీతల దగ్గర ఆగి, కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు.

"ఒక్కో బండికి ఒక్కో గడి ఎందుకు ఇచ్చినమనుకున్నరు? అన్నీ ఒక్కదగ్గరే పెట్టాలని ఎవరన్నరు?"

ఎవరూ అనలేదు. నా గీతలే అన్నాయి. బండి డ్రైవర్ ఇంటి దగ్గర ఉండొచ్చట. కాకపోతే అక్కడ చార్జింగ్‌కు వేరే మీటరు ఉండాలి, ఇంటి ఓనరు ఒప్పుకుంటూ రాసివ్వాలి. నేను పరుగులాంటి నడకతో షాపుకు వచ్చాను. సాయంత్రం నేనూ నాలుగో ఆయనా కలిసి వాళ్ల ఇంటి ఓనరు దగ్గరికి పోయాం. పెద్దావిడ. మంచినీళ్లిచ్చింది, మా ఇద్దరి ఆరోగ్యం అడిగింది, మీటరు మాట ఎత్తగానే తల అడ్డంగా ఊపింది. బ్యాటరీలు కాలిపోయిన వీడియోలు మనవరాలి ఫోనులో చూసిందట. నేను ఎంత చెప్పినా ఆవిడ నా దస్తూరి చూడలేదు కదా, నమ్మలేదు.

వెనక్కి వస్తుంటే దారిలో ఆయనే అన్నాడు. "నాలుగింటికి లేస్త. గోదాముకు నడుసుకుంట వస్త. బండి తీసుకోని ఇంటికి పోత, సామాను ఎక్కిస్త. నడుసుడు నాకు కష్టం కాదు సారు. గని గేటు ఎవరు తీస్తరు?"

గేటు తాళానికి చెవులు రెండే. ఒకటి సేటు ఇంట్లో, రెండోది రోజూ పొద్దున గోదాము తెరిచే నా దగ్గర. గేటు దాటితే కాగితానికి ఇంకో తాళం లేదు. మూడోది చేయిద్దామని మర్నాడు సేటును అడిగాను.

"మూడో చాబి చేపిస్తే ఇంక తాళం ఎందుకయ్యా?"

ఆయన తండ్రి కాలం నుంచీ అది నియమం. అక్కడితో ఆగిపోదామనిపించింది. ఎందుకంటే తర్వాత అనాల్సిన మాట నాకు తెలుసు, అనాలని లేదు. ఇరవై యేళ్లుగా ఆ తాళంచెవి నా ప్యాంటు కుడిజేబులో ఉంది. ఎన్ని జేబులకు చిల్లు పెట్టిందో. అయినా షాపులో నేను ముఖ్యమైనవాణ్ణని చెప్పడానికి నా దగ్గరున్న ఆధారం అదొక్కటే.

"నాదే ఆయనకు ఇస్తాను," అన్నాను.

సేటు రోడ్డు వైపు చూశాడు. "ఏమన్న పోతే?"

"పూచీ నాది."

"నీ దగ్గర ఏమున్నదయ్యా పూచీ పడనీకి," అని, అలమర సర్దుకోవడానికి అటు తిరిగాడు. మా సేటు భాషలో అది ఒప్పుకోవడం.

ఫారమ్ కొత్తగా రాశాను. నాలుగు బండ్లకు ఎదురుగా 'గోదాము' అని నాలుగుసార్లు పూర్తిగా రాశాను. జవాబు మొదటిదే. ఈసారి అడిగి రాశాను, అంతే తేడా. నాలుగో ఆయన మళ్లీ మొత్తం చదివి, తన గడి మీద వేలు పెట్టి చూసుకుని, సంతకం పెట్టాడు.

కొన్ని నెలలకు కొత్త బండ్లు వచ్చాయి. మొదటి వారం డ్రైవర్లు ముగ్గురూ నడుములు తడుముకుని మురిసిపోయారు. నా టీ గ్లాసు వణకడం మానేసింది. ఏ బండి వచ్చిందో చెప్పే నా ప్రతిభ కూడా డీజిలుతో పాటే పోయింది.

ఒక పొద్దున ఇడ్లీలు తింటూ, కొత్త బండి ఎట్లుందని ఆయన భార్యను అడిగాను. మెచ్చుకుంటుందని ఆశ.

"సాంబారు ఒలుకుతలేదు సారు, అబద్ధమెందుకు. పొగ వాసన గూడ లేదు," అని చట్నీ వేసింది. "గని పొగతోటి మా ఆయనకు ఒక గంట నిద్ర గూడ పోయింది."

నేను తలవంచుకుని తిన్నాను. ఆ గంట ఏ కాలమ్‌లోనూ లేదు. ఉంటే నేను అక్కడా రెండు గీతలు పెట్టేవాణ్ణేమో.

ఇప్పుడు తాళంచెవి ఆయన దగ్గరుంది కాబట్టి గోదాము తెరవాలంటే ఆయనే రావాలి. నేను ఇడ్లీలు తిని ఆ మూల మీదే ఆగుతాను. ఖాళీ గిన్నెలు ఎక్కించి, ఇంటి దగ్గర దింపి, ఆయన తిరిగి వస్తాడు. వచ్చిన చప్పుడు ఉండదు. భుజం పక్కన నిలబడి "పోదామా సారు" అంటేనే తెలుస్తుంది. పక్క సీట్లో కూర్చుంటాను. నాంపల్లి సిగ్నల్ దగ్గర బండి ఆగుతుంది, కింద ఇంజను శబ్దం ఏమీ ఉండదు. ఆయన ఆవులిస్తాడు. డీజిలు బండిలో అయితే అది నాకు వినబడేది కాదు.