నేను గీసిన మూల

ఏడెనిమిదేళ్ల క్రితం మహబూబ్‌నగర్‌లో ప్లాన్లు గీసే ఆఫీసులో కొత్తగా చేరాను. ఒకరోజు మక్తల్ దగ్గరి పల్లె నుంచి మల్లయ్య అనే గొర్రెల కాపరి వచ్చాడు. రాతి దొడ్డి కూలిపోయిందట, ఇటుకతో కట్టించాలట. పాత గోడ ఆకారాన్ని కాగితం మీద గీసి తెచ్చాడు. అది గుండ్రంగానూ లేదు, కోలగానూ లేదు. ఇష్టమొచ్చినట్టు వంగింది.

"గోడ గిట్లనే తిరగాలె బిడ్డా. మూలలు రావొద్దు," అన్నాడు.

సాఫ్ట్‌వేర్‌లో అలాంటి గోడ గీయొచ్చు. కానీ ఒక్కో వంపూ విడిగా సరిచేయాలి, పూటంతా పడుతుంది. నాకు బద్ధకమేసింది. "కంప్యూటర్ల గట్ల రాదు కాకా," అనేసి, పది నిమిషాల్లో నాలుగు మూలల దొడ్డి గీసిచ్చాను.

వానాకాలంలో వేరే పనిమీద ఆ ఊరెళ్లాను. ముందురోజు సాయంత్రం పిడుగు శబ్దానికి మంద బెదిరి ఒకే మూలకు ఎగబడిందట. వంపు గోడైతే గొర్రెలు దాని వెంబడి తిరిగేవి. మూలలో ఇరుక్కుని, అడుగున పడ్డ గొర్రెపిల్లలు ఊపిరాడక చచ్చిపోయాయి. తొమ్మిదింటిని గోనెసంచి మీద వరసగా పడుకోబెట్టారు.

నన్ను చూడగానే మల్లయ్య భార్య ఏడుస్తూ మీదికొచ్చింది. ఆయనే ఆపాడు.

"ఆ పిల్లనేమనకే. కంప్యూటర్ల రాకపోతె ఆమె మాత్రం ఏం జేస్తది?"

వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఎంత వంకర గోడైనా ఓపికగా గీస్తాను. అది కంప్యూటర్‌లో వస్తుందని మల్లయ్యకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.